మెనోపాజ్‌లో డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టాక గాభరా పెరిగితే: మొదటి ఆరు వారాలు ఎలా దాటాలి

డాక్టర్ ఎస్సిటలోప్రామో సెర్ట్రాలినో రాసిచ్చారు. మందులు కొని తెచ్చుకున్నారు కానీ వేసుకోవడానికి మనసొప్పడం లేదు. లేదంటే మూడు రోజులు వేసుకున్నారు, ఉన్న గాభరా తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది, "ఇది నా ఒంటికి పడలేదు" అని ఆపేసే ఆలోచనలో ఉన్నారు. ఎక్కడున్నా మీకు ముందుగా తెలియాల్సింది ఒకటుంది: ఈ మందులతో ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాత కనిపిస్తుంది.

మొదటి మాత్ర నుంచే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే తీరు మారడం మొదలవుతుంది. ఆ మార్పుకు నరాలు సర్దుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోపు, ముఖ్యంగా మొదటి వారం పది రోజుల్లో, గుండె దడ, చేతుల వణుకు, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా భయం వేయడం చాలామందిలో కనిపిస్తాయి. రెండు నుంచి నాలుగు వారాల మధ్య కాస్త తేలిక మొదలవుతుంది. మందు పనిచేసిందో లేదో పూర్తిగా తేలాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. డాక్టర్లకు ఇదంతా తెలిసిందే. ఓపీ రద్దీలో విడమరిచి చెప్పే తీరిక అందరికీ ఉండదు. చెప్పకపోవడం వల్లే ఇంతమంది నాలుగో రోజో ఐదో రోజో మానేస్తున్నారని నా గట్టి నమ్మకం.

నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. మన దేశంలో నెలసరి ఆగిపోయే వయసు, అంటే మెనోపాజ్, సగటున 46, 47 దగ్గర. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే హార్మోన్లు ఎగుడుదిగుడు అవుతాయి. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, తెల్లవారుజామున మెలకువ, ఉన్నట్టుండి దడ. వీటి మీద కొత్త మాత్ర వచ్చి చేరితే ఏది దేనివల్ల వస్తోందో అర్థం కాదు. ఆ అర్థం కాకపోవడమే భయాన్ని రెట్టింపు చేస్తుంది. కింద చెప్పేదంతా ఆ ముడి విప్పుకోవడం గురించే. డాక్టర్ మాటకు ఇది బదులు కాదు, డాక్టర్‌తో ఏం మాట్లాడాలో తెలుసుకోవడానికి ఒక ఆసరా.

1. మొదటి మాత్రకు ముందు ఈ సంగతులు చెప్పండి

థైరాయిడ్, రక్తహీనత, షుగర్, బి12 పరీక్షలు ఈమధ్య చేయించుకోకపోతే చేయించమని అడగండి. థైరాయిడ్ ఎక్కువైనా, థైరాయిడ్ మాత్ర డోసు మీ ఒంటికి ఎక్కువైపోయినా అచ్చం ఆందోళన జబ్బులాగే దడ, వణుకు, చెమటలు వస్తాయి. రక్తం తక్కువున్నా మెట్లెక్కితే గుండె కొట్టుకుంటుంది. నెలసరి ఆగేముందు విపరీతంగా బ్లీడింగ్ అయ్యే ఆడవాళ్లలో ఈ రక్తహీనత మామూలు. వీటిని వదిలేసి డిప్రెషన్ మందు ఒక్కటే వాడితే సగం సమస్య అలాగే ఉండిపోతుంది.

గర్భసంచి తీసేసి ఉంటే తప్పకుండా చెప్పండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ఆపరేషన్ దేశ సగటు కంటే బాగా ఎక్కువ. ముప్ఫైల్లోనే చేయించుకున్నవాళ్లూ మనలో ఎందరో. అండాశయాలు కూడా తీసేసి ఉంటే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది. అండాశయాలు ఉంచినా, నెలసరి కనిపించదు కాబట్టి మెనోపాజ్ ఎప్పుడు మొదలైందో తెలియదు. ఆపరేషన్ కాగితాలు దొరికితే పట్టుకెళ్లండి. "ఏం తీశారో నాకు తెలియదు" అని చెప్పడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు, ఆ జవాబు కూడా డాక్టర్‌కు పనికొస్తుంది.

ఇప్పటికే వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే, డిప్రెషన్ మందుతో కలిసి కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మాత్రతో కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై ప్రమాదం కావచ్చు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ఆ కోవలోదే. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవాళ్లకు, అరవై దాటినవాళ్లకు డిప్రెషన్ మందు వల్ల ఒంట్లో సోడియం అనే లవణం పడిపోవచ్చు. తలనొప్పి, మగత, తికమక వస్తే రక్తపరీక్ష చేయించాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చి టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు మరీ జాగ్రత్త: పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. వేరే మందు ఉంటుంది, అడగాలి.

ఇంట్లో ఎవరికైనా, మీకైనా, ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి అతి హుషారుగా, విపరీతంగా ఖర్చు పెట్టేస్తూ ఉన్న చరిత్ర ఉంటే దాచొద్దు. బైపోలార్ (ఇలాంటి అతి హుషారు, డిప్రెషన్ మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు ఈ మందు ఒక్కటే ఇవ్వడం ప్రమాదం.

2. తక్కువ డోసుతో మొదలుపెట్టొచ్చా అని అడగండి

గాభరా ప్రధానంగా ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాసే బదులు మొదటి వారం 5 మిల్లీగ్రాములే ఇస్తారు. మీ చీటీలో అలా లేకపోతే "సగంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చా?" అని అడగండి. ఒప్పుకుంటే, మాత్ర మధ్యలో గీత ఉంటే సగానికి విరవడం తేలిక. గీత లేనివి, మెల్లగా కరిగే రకాలు, వెన్లాఫాక్సిన్ లాంటి క్యాప్సూళ్లు విరవకూడదు, విప్పి సగం పారబోయకూడదు.

ఇప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి పేరు చదవండి. ఎస్సిటలోప్రామ్ పక్కనే క్లోనజెపామ్ అని ఉందా? మన దగ్గర ఈ రెండూ కలిసిన మాత్ర విరివిగా రాస్తారు. క్లోనజెపామ్ వెంటనే నెమ్మది కలిగిస్తుంది, కష్టమైన మొదటి రెండు వారాలు దాటడానికి నిజంగా సాయపడుతుంది. కానీ "అలవాటైపోతుంది" అని జనం భయపడేది నిజానికి దీని గురించి. ఎస్సిటలోప్రామ్‌కు అలాంటి అలవాటు పడటం ఉండదు. క్లోనజెపామ్ వారాలు, నెలలు సాగితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, పగలు మత్తుగా ఉంటుంది, తూలు వస్తుంది. మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడే వయసులో రాత్రి బాత్రూంకి లేచి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు. కాబట్టి "ఇది ఎన్ని రోజులు?" అని మొదటి రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ దాకా రావొచ్చు, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

3. వేళ, తిండి, కాఫీ

మాత్ర వేసుకున్నాక హుషారు ఎక్కువై నిద్ర పట్టకపోతే పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోండి. మగతగా ఉంటే రాత్రి భోజనం తర్వాత. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మాత్ర టైం దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోకూడదు.

పరగడుపున వేసుకుంటే వికారం ఎక్కువ. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు ఏదో ఒకటి కడుపులో పడాలి. శనివారం ఒక్కపొద్దులు, కార్తీక సోమవారాలు ఉండేవాళ్లు ఈ మొదటి రెండు మూడు వారాలు ఉపవాసం పక్కన పెట్టండి. రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవాళ్లు ఇఫ్తార్ తర్వాతో సహరీలోనో వేసుకునేలా డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు, రోజుకు ఒక్కసారే వేసుకునే మాత్ర కాబట్టి ఆ వీలుంది.

కాఫీ గురించి గట్టిగానే చెబుతాను. చిక్కటి డికాషన్ కాఫీ రెండు పూటలా, మధ్యలో రెండు టీలు తాగే ఇళ్లలో ఇది ఎవరికీ నచ్చే మాట కాదు. కానీ కెఫీన్ దడ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, కొందరిలో వేడి ఆవిర్లను కూడా రేపుతుంది. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, ఆ తలనొప్పి మళ్లీ మాత్ర ఖాతాలో పడుతుంది. అందుకని పొద్దున ఒక కప్పు ఉంచుకుని, మధ్యాహ్నం తర్వాతవి వారం రోజుల్లో ఒక్కొక్కటిగా తగ్గించండి.

వికారం, తలనొప్పి, లూజ్ మోషన్స్, నోరెండడం, ఆవలింతలు చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతాయి. చెమట పట్టడం, కోరిక తగ్గడం మాత్రం కొందరిలో ఉండిపోతాయి. రెండోది చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. డాక్టర్‌కు చెబితే డోసో మందో మార్చే మార్గాలున్నాయి.

4. ఏది దేనివల్ల అని ఒక నోట్‌బుక్కులో రాయండి

ఒక మామూలు రూళ్ల పుస్తకం చాలు. టైం, ఏమైంది, ఎంతసేపు, అంతకుముందు ఏం చేస్తున్నాను. ఇంతే. వారం రాస్తే మూడు రకాల గాభరాలు విడివిడిగా కనబడతాయి.

వేడి ఆవిరి ఛాతీ దగ్గర మొదలవుతుంది. మెడకు, ముఖానికి పాకుతుంది. చెవులు కాలుతున్నట్టుంటాయి. మెడ వెనక జడ కింద తడిసిపోతుంది. కొన్ని నిమిషాల్లో దానంతటదే దిగి, తర్వాత చిన్నగా చలి వేస్తుంది. కొందరికి అది రాబోయే ముందు క్షణం పాటు గుండె గుభేలుమంటుంది. పొయ్యి దగ్గర, ఉక్కపోతలో, వేడి వేడిగా కారం తిన్నాక ఎక్కువగా వస్తుంది.

పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన గాభరా, వచ్చినప్పుడు భయం ముందుంటుంది: నాకేదో అయిపోతోంది, గుండె ఆగిపోతుంది, ఇక్కణ్నించి పారిపోవాలి. ఊపిరి చాలదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది.

మాత్ర తెచ్చే గాభరా ఇలా వచ్చిపోయేది కాదు. వేసుకున్న కొన్ని గంటలకు మొదలై రోజంతా సన్నగా నడుస్తుంది. లోపల ఏదో వణుకుతున్నట్టు, దవడ బిగుసుకున్నట్టు, పనిమీద మనసు నిలవనట్టు. రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. పలచబడకపోగా ఒక్కచోట కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండాల్సి వస్తే, రివ్యూ తేదీ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. డోసు తగ్గించాలో, మందు మార్చాలో ఆయన చూస్తారు.

ఇంకో మాట. మా పిన్ని ఈ మందు మొదలుపెట్టిన రోజుల్లో బీపీ మిషన్ మంచం పక్కనే పెట్టుకునేది. దడ వచ్చినప్పుడల్లా చూసుకునేది. దడలో ఉన్నప్పుడు బీపీ ఎక్కువే చూపిస్తుంది, ఆ అంకె చూసి దడ ఇంకా పెరిగేది, మళ్లీ చూసుకునేది. చివరికి బాబాయి ఆ మిషన్ బీరువాలో పెట్టి, వారానికి రెండుసార్లు పొద్దున కుదురుగా ఉన్నప్పుడు తానే చూసి రాసేవాడు. పిన్నికి సగం ఉపశమనం అక్కడే దొరికింది. మీ ఇంట్లోనూ మిషన్‌ను, ఆక్సిజన్ చూసే క్లిప్పును చేతికందకుండా పెట్టండి. డాక్టర్ రోజూ చూడమంటే అది వేరు.

5. వచ్చిన క్షణంలో ఏం చేయాలి

పొయ్యి దగ్గరుంటే ముందు పొయ్యి కట్టేయండి. కూర్చోండి, నేల మీదైనా సరే. నైలాన్ చీర, బిగుతు జాకెట్టు ఉంటే వదులు చేయండి. మణికట్ల మీద, మెడ వెనక చల్లటి నీళ్లు.

ఊపిరి గట్టిగా లోపలికి లాగొద్దు. గాభరాలో మనం ఇప్పటికే ఎక్కువ గాలి పీలుస్తుంటాం, తిమ్మిర్లు అందుకే. ముక్కుతో మామూలుగా తీసుకుని, నోటితో పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు మెల్లగా, తీసుకున్నదానికి రెట్టింపు సేపు వదలండి. నాలుగు లెక్కపెడుతూ తీసుకుంటే ఏడెనిమిది దాకా వదలడం. ఐదు నిమిషాలు ఇలా చేయండి. లెక్క కుదరకపోతే మీకు నోటికొచ్చిన స్తోత్రమో, ప్రార్థనో, కీర్తనో సన్నగా పైకి చదవండి. పైకి చదివేటప్పుడు ఊపిరి దానంతటదే దీర్ఘంగా బయటికి వెళుతుంది.

భయంతో వాదించకండి. "ఇది మాత్ర మూడో రోజు. ఇది ఎక్కుతుంది, దిగుతుంది" అని పైకి అనుకోండి. ఇంట్లో ఎవరికైనా వినబడినా పర్వాలేదు.

రాత్రి మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకండి, ఫోన్ తీసి మందు పేరు కొట్టి వెతకకండి. ఆ వేళ చదివిన ప్రతి సైడ్ ఎఫెక్టూ మీకే వచ్చినట్టుంటుంది. తడిసిన నైటీ మార్చుకోవడానికి పొడి కాటన్‌ది తలాపున పెట్టుకోండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి హాల్లో చిన్న లైటు కింద బట్టలు మడతపెట్టడమో, మల్లెపూలుంటే మాల కట్టడమో, చేతికి పని ఉండి మనసుకు పని లేనిది చేయండి. నిద్ర వచ్చాకే మంచమెక్కండి. పగలు ఎంత అలసినా అరగంటకు మించి కునుకు వద్దు. సాయంత్రం అరగంట నడక పెట్టుకోండి. రాత్రి నిద్రకు, పగటి గాభరాకు రెండింటికీ పనికొస్తుంది.

6. ఇంట్లోవాళ్లకు చెప్పే మాట

అందరికీ చెప్పనక్కర్లేదు. ఒక్కరికి మాత్రం కచ్చితంగా చెప్పాలి. ఇలా చెప్పొచ్చు: "ఏమండీ, ఈ మందు పనిచేయడానికి నెల దాకా పడుతుందట. మొదటి రెండు వారాలు నాకు చిరాకు, గాభరా ఎక్కువుండొచ్చు. నన్ను తిట్టొద్దు, మందు మానేయమనీ అనొద్దు. రాత్రి భయమేస్తే లేపుతాను, పక్కన కూర్చుంటే చాలు." అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కూతురికి చెబుతుంటే రోజూ ఒకే టైంకి ఫోన్ చేయమనండి. ఎలా ఉన్నావమ్మా అని పదేపదే అడగకుండా మామూలు కబుర్లు చెప్పమనండి.

"ఈ వయసులో అందరికీ ఉండేదే, మేమేమన్నా మందులు మింగామా" అనే అత్తగార్లూ, వదినలూ ఉంటారు. వాళ్లు మూగగా భరించిన మాట నిజమే. వాళ్లతో వాదన పెట్టుకోకండి, "డాక్టర్ ఇచ్చిన మందమ్మా, కొన్ని నెలలే" అని ఊరుకోండి.

7. ఆగకూడని పరిస్థితులు

చచ్చిపోవాలనిపించినా, బతకడం ఎందుకనిపించినా, అలాంటి ఆలోచన కొత్తగా మొదలైనా వెంటనే పక్కనున్న మనిషికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒంటరిగా ఉండకండి, మందులన్నీ ఇంకొకరి చేతికివ్వండి. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే 108.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం, చల్లటి చెమటలు ఉంటే "మెనోపాజేలే" అని సర్దిచెప్పుకోకండి. ఆడవాళ్లలో గుండెపోటు ఇలాంటి మాటల వల్లే ఆలస్యంగా బయటపడుతుంది. మెనోపాజ్ తర్వాత గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది కూడా. జ్వరం, కండరాలు బిగుసుకుని అదరడం, తికమక కలిసి వస్తే, ఒంటి మీద దద్దుర్లతో ముఖం వాస్తే ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగు రోజులు నిద్ర లేకపోయినా అలసట తెలియనంత హుషారు వస్తే డాక్టర్‌కు చెప్పాలి. ఏడాది పాటు నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్ట్ చూడాల్సిందే, అది మామూలు విషయం కాదు.

8. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య డాక్టర్ దగ్గర

నోట్‌బుక్కు తీసుకెళ్లండి. "తగ్గలేదండీ" అనేకంటే "మొదటి వారం రోజూ వచ్చేది, ఇప్పుడు వారానికి రెండుసార్లు" అని చెబితే డాక్టర్ నిర్ణయం సులువవుతుంది. ఏ మార్పూ లేకపోతే డోసు పెంచడమో మందు మార్చడమో ఉంటుంది. మొదటి మందు పడకపోవడం అరుదేమీ కాదు, రెండోది పడొచ్చు.

గైనకాలజిస్ట్‌నూ కలవండి. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలే నిద్రను చంపి, నిద్రలేమి గాభరాను తెస్తుంటే హార్మోన్ చికిత్స గురించి అడగండి. వాటికి బాగా పనిచేసేది అదే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వరు. అలాంటివాళ్లకు వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులే ఆవిర్లను కూడా కొంత తగ్గిస్తాయి. ఇలా చూస్తే ఒకే మాత్ర రెండు పనులు చేయొచ్చు, ఏది మీకు తగినదో సైకియాట్రిస్ట్, గైనకాలజిస్ట్ ఒకరి చీటీ ఒకరు చూసి చెప్పాలి. ఒక డాక్టర్ చీటీ ఇంకొకరికి చూపించే బాధ్యత మన దగ్గర పేషెంట్‌దే అవుతోంది, మొహమాటపడకుండా బల్ల మీద పెట్టండి.

మాటల చికిత్స, అదే సీబీటీ, గాభరాకూ ఆవిర్లకూ రెండింటికీ సాయపడుతుంది. ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి: హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలలు, జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు. మందులు జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ పేరుతో బాగా చౌక.

మనసు కుదుటపడ్డాక కూడా మామూలుగా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. "బాగానే ఉన్నాగా" అని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టనిపించడం, విపరీతమైన చిరాకు మొదలవ్వొచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వాడేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మానేటప్పుడు వారాల తరబడి, కొందరికి నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గించాలి. ఊరికి వెళ్లేటప్పుడు, పెళ్లిళ్ల హడావుడిలో స్ట్రిప్ అయిపోయి ఆగిపోవడం చాలామందికి జరిగేదే. పది రోజుల మాత్రలుండగానే కొనుక్కోండి. చీటీ ఫోటో ఒకటి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి.